సోలెడు నూకలకి అమ్మిన పిల్లలు

నేను పిల్లల్ని అమ్మేదాన్ని. ఒక్కొక్కర్ని సోలెడు నూకలకి. ఈ మాట సరదాకి చెప్పడం లేదు. నేను సరదాకి చెప్పే మాటలు వేరే ఉన్నాయి, మా లైన్లో ఎవర్నడిగినా వినిపిస్తారు. మా ఆయన వర్క్‌షాపులో సమ్మెట ఎత్తితే మలంచా రోడ్డు మీద బస్సులు వాటంతటవే ఆగిపోతాయనీ, ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఈ కొసని దిగిన పెళ్ళికూతురు ఆ కొసకి నడిచేసరికి తల నెరిసిపోతుందనీ పుట్టించినది నేనే. పిల్లల్ని అమ్మడం మాత్రం పుట్టించినది కాదు.

మాది శ్రీకాకుళం వైపు. మా మామగారు ఖలాసీగా వచ్చి ఇక్కడ పాతుకుపోయారు. మా క్వార్టర్ల లైను ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మావాళ్ళే. బజారులో బెంగాలీ, వర్క్‌షాపులో హిందీ, ఇంట్లోకొచ్చి చెప్పులు విప్పితే మా మాట. పురుళ్ళూ చావులూ కూడా మా దేశం పద్ధతిలోనే. ఆ పద్ధతుల్లో ఒకటి ఇది. ఒక ఇంట్లో పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతూ ఉంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెట్టి, లైను చివర బూడిదా చెత్తా పోసే కుప్ప మీద పెడతారు. కన్నతల్లి వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. అప్పుడు ఇంకో ఆడది వచ్చి, "ఓలమ్మ, ఎవలి బిడ్డో ఇది! ఎవలూ లేనట్టున్నాది. నాకు దొరికినాది, నాదే" అని పైవాడికి కూడా వినపడేలా అరిచి, చేటతో సహా ఎత్తుకుని తన ఇంటికి పట్టుకుపోవాలి. ఆనక కన్నతల్లి ఆ గుమ్మంలోకి వచ్చి, సోలెడు నూకలు కొలిచి పోసి, బిడ్డని కొనుక్కోవాలి. యముడు లెక్క తప్పిపోతాడన్నమాట. ఆయన వెతుక్కుంటూ వచ్చేది ఆ ఇంట్లో కన్నబిడ్డ కోసం. అక్కడున్నది కొన్నబిడ్డ. ఇలాంటి పిల్లలకి నూకల పేరో పెంట పేరో పెట్టడం మీరూ ఎరిగే ఉంటారు.

మా లైన్లో ఆ ఎత్తుకునే ఆడదాన్ని నేను.

నన్నే ఎందుకు పిలిచేవారంటే, నాకు పిల్లల్లేరు గనక. సీమంతానికి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టేవారు కాదు. గాజులు తొడిగే వేళకి ఏదో ఒక పని చెప్పి వంటింట్లోకి పంపేవారు. దీనికి మాత్రం నేను కావాలి. పురుళ్ళు పోసే ముసలమ్మ ఒకావిడ ఉండేది మాకు, లైనంతా పెద్దప్ప అని పిలిచేది. మొదటిసారి నన్ను పిలవడానికొచ్చి ఆవిడే చెప్పింది.

"నీ గడప ఆడు తొక్కడే. పిల్లల్ని ఎతుక్కొచ్చినోడికి నీ ఇంటికాడ ఏటున్నాదని? ఆడికెప్పుడో తెలిసిపోనాది. అందికే నీ ఒళ్ళోన పెడతన్నాం."

అందులో తిట్టు లేదు. వైద్యుడు మందు పేరు చెప్పినట్టు చెప్పింది. నేనూ అలాగే తీసుకున్నాను. "మరైతే యముడికి నా అడ్రసు నువ్వే ఇచ్చినావేటి పెద్దప్పా?" అన్నాను. ఆవిడ నవ్వుతూ నా వీపు మీద ఒకటిచ్చింది.

మొదటి బిడ్డ మా పక్కింటిదాని కొడుకు. దానికి అంతకు ముందు ఇద్దరు పోయారు. పొద్దున్న వర్క్‌షాపు సైరన్ కూయగానే ఎత్తుకుని, మధ్యాహ్నం భోజనాల సైరన్‌కి అమ్మెయ్యాలి. తండ్రి ఆ వేళకే ఇంటికొస్తాడు, కొనేటప్పుడు ఆయనా ఉండాలి. ఊళ్ళో అయితే పొద్దు చూసి చేసేవారట, ఇక్కడ సైరన్ చూసి చేస్తాం. ఆ రెండు సైరన్ల మధ్యా బిడ్డ నాది. లైనంతటికీ తెలుసు గనక ఆ వేళలో ఎవరూ మా ఇంటికి రారు. నేను తలుపు దగ్గరగా వేసుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. వాడి పిడికిలి విప్పి చూసేదాన్ని. "మీ నాన్న ఒకసారి ఇంజను తోక పట్టుకుని కలకత్తా దాకా ఈడ్చుకుపోయాడు" అని మా ఆయన గురించి చెప్పేదాన్ని. ఆ పూటకి వాడి నాన్న మా ఆయనే కదా.

ఆ నూకలు పారబొయ్యకూడదు. అమ్మినవాళ్ళు వండుకు తినాలి, అప్పుడే బేరం గట్టి. నేను జావ కాచేదాన్ని. మా ఆయన ఎప్పుడూ తినలేదు. "కేంటీన్లో తినీసినాను" అనేవాడు. కేంటీన్ మూసి ఉన్న రోజున కూడా అదే మాట. ఈయన నా దగ్గర కథలు చెప్పడం నేర్చుకుంటే బాగుణ్ణు, ఇంత చప్పగా అబద్ధమాడకుండా ఉండును అనుకునేదాన్ని.

మా ఆయన మాట తక్కువ మనిషి. కమ్మరి షాపులో రోజంతా ఇనుము మీద ఇనుము కొడుతూ ఉంటే చెవులు దిమ్మెక్కిపోయి, ఇంటికొచ్చాక తన గొంతు తనకే వినపడేది కాదనుకుంటాను. అలాంటి మనిషి ఒకసారి, నేను ఆడపిల్లనొకదాన్ని అమ్మేసి నూకలు చెరుగుతూ ఉంటే, గుమ్మంలో నిలబడి, "ఇంక వొద్దే" అన్నాడు.

"ఏటి వొద్దు?"

"ఇచ్చీడం. మనకి ఉండిపోయేది ఒకర్ని తెచ్చుకుందుం."

దేశంలో మా తోడికోడలిని ఒక బిడ్డనిమ్మని అంతకుముందే అడిగి చూశాం. ఇస్తానంది, ఇస్తాననే అంటూ ఉంది, దాని పిల్లలు బళ్ళో చేరిపోయారు. అందుకని మా ఆయన తన షాపులో హెడ్ మిస్త్రీ దాదాతో మాట్లాడాడు. కాసాయి నది అవతల ఒక అనాథాశ్రమం ఉందనీ, అక్కడ దరఖాస్తు పెట్టుకుంటే, అన్నీ చూసి, కోర్టు అనుమతితో పిల్లనిస్తారనీ దాదా చెప్పాడట. ఆ ఆదివారమే బయల్దేరాం. రైలు కాసాయి వంతెన ఎక్కేసరికి మా ఆయన చొక్కా బొత్తాం పెట్టుకుని, తీసేసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆశ్రమానికి పెద్ద ఒక బెంగాలీ ఆవిడ. సన్నటి మనిషి, కళ్ళజోడు, అంచున్న తెల్లచీర. అందరూ దీదీ అంటారు, మేమూ దీదీ అన్నాం. ఆవిడ బెంగాలీలో, మధ్య మధ్య హిందీలో మాట్లాడింది. నేను నా తెలుగులో రాసుకుంటున్నాను. కోపంగా ఉండే మనిషి కాదు, నవ్వుతూ ఉండే మనిషీ కాదు. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, ఏవో కాగితాలు తేవడానికి లోపలికెళ్ళింది.

వరండా నిండా పిల్లలు. పిల్లలు కనిపిస్తే నా నోరు ఊరుకోదు. నాకొచ్చిన వంకర బెంగాలీలో, "ఇదుగో ఈయన్ని చూశారా, ఇంజన్లకి వైద్యుడు. మొన్న ఒక ఇంజనుకి జ్వరం వచ్చి ఒకటే ఏడుపు. ఈయన ఒళ్ళో పెట్టుకుని, పాలు పట్టి, జోకొట్టి నిద్రపుచ్చాడు" అని మొదలుపెట్టాను. పిల్లలందరూ నోళ్ళు తెరిచారు. స్తంభం పక్కనుంచి ఒక పిల్ల మాత్రం ముందుకొచ్చింది. నాలుగేళ్ళుంటాయేమో. గుండు, నల్లటి నలుపు, ఒక చెవిలో దూది.

"ఇంజిన్ దూధ్ ఖాయ్ నా. జొల్ ఖాయ్. మిఛే కొథా!" అంది.

ఇంజను పాలు తాగదు, నీళ్ళు తాగుతుంది, నువ్వు చెప్పేది అబద్ధం అని. అనేసి, వెళ్ళిపోకుండా నా ఎదురుగా కూర్చుంది, తర్వాతేమైందో చెప్పమన్నట్టు.

మా లైన్లో ఇన్నేళ్ళుగా నా కథలు విన్నవాళ్ళలో నమ్మినవాళ్ళున్నారు, నవ్వినవాళ్ళున్నారు. అబద్ధమని మొహం మీద అని కూడా చెప్పమని కూర్చున్న మనిషి మా ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో, అక్కడ ఆ వరండాలో నాకు తెలిసింది. మా ఆయన వైపు చూశాను. ఆయన ఆ పిల్ల చెవిలోని దూదిని చూస్తున్నాడు.

దీదీ బయటికొచ్చి, "ఆ పిల్లా? కరుస్తుంది. చెవి కారుతుంది. ఎవరూ అడగరు" అంది.

"మేం అడుగుతన్నాం," అన్నాడు మా ఆయన.

దరఖాస్తు రాయించాం. డాక్టరు కాగితం తెచ్చాం, ఫోర్‌మన్ దగ్గర మంచివాడని కాగితం తెచ్చాం. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుందని దీదీ చెప్పింది. తను వచ్చి ఇల్లు చూస్తుంది. ఇరుగుపొరుగుతో మాట్లాడుతుంది.

"ఇల్లు మీరు సర్దుకోగలరు. ఇరుగుపొరుగుని సర్దలేరు. అందుకే వాళ్ళని అడుగుతాను," అంది.

నాకు నవ్వొచ్చింది. మా లైను సంగతి ఆవిడకేం తెలుసు, ఒక్క గొంతుతో నా కోసం ప్రమాణం చేస్తారు అనుకున్నాను.

ఆ లోపల ఆదివారాలు వెళ్ళి వస్తూ ఉండేవాళ్ళం. బెల్లం మురీ ఉండలు పట్టుకెళ్ళేదాన్ని, మురీ అంటే ఇక్కడి మరమరాలు. ఆ పిల్ల నన్ను కరిచింది కూడా, ఉండ ఇస్తూ ఉంటే వేలితో సహా. మా ఆయన్ని ఇంజిన్‌వాలా అని పిలిచేది. ఒకసారి ఆయన మోకాలి మీద ఎక్కి కూర్చుని, ఆయన అరచేతిలో కాలిన మచ్చలన్నీ ఒక్కొక్కటే వేలితో నొక్కి, నొప్పా అని అడిగింది. ప్రతి మచ్చకీ ఆయన కాదన్నాడు. ఆయన అన్నిసార్లు వరసగా మాట్లాడడం అదే మొదలు.

లైన్లో ముందు కాస్త గొణుగుడు లేకపోలేదు.

"ఏ కులం గుంటో ఏటో, తెలకుండా తెచ్చీడమేనా?" అంది పెద్దప్ప.

"బొగ్గు కులం పెద్దప్పా. మా ఇంటాయన్దీ అదే. షాపునుంచొచ్చినప్పుడు సూడు, ఇద్దర్నీ పక్కన నిలబెడితే నువ్వే సెప్పలేవు."

ఆవిడ నవ్వింది. పెద్దప్ప నవ్విందంటే లైను ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత అందరూ మీద పడ్డారు. ఒకరొచ్చి సున్నం వేశారు. ఝపటాపూర్ నుంచి ఎవరో పాత బొమ్మ తెచ్చారు, కన్నొకటి లేదు. తాల్‌బగీచాలో ఎవరింట్లోనో రేడియో ఎరువడిగి తెచ్చి మా గూట్లో పెట్టారు, అది మోగదు. మా ఆయన ఇనప ఊచలతో చిన్న మంచం చేశాడు. అది మంచమో జైలో తెలియనంత గట్టిగా చేశాడు. "ఏనుగుని తెస్తన్నారేటి?" అని పక్కింటిది గంట సేపు నవ్వింది.

నేను ఆడవాళ్ళనందర్నీ కొళాయి దగ్గర పోగేసి పాఠం చెప్పాను. "దీదీ అడిగితే మా ఇద్దరికీ గొడవల్లేవని సెప్పండి. నేను కతలు సెప్తానని సెప్పకండి. రేడియో పెట్టమంటే కరెంటు లేదని సెప్పండి."

"నువ్వు మాకు సెప్పాలేటి అప్పా," అంది పక్కింటిది. "నీ గురించి మేం ఏటి సెప్పాలో మాకు తెల్దా?"

దీదీ ఒక సాయంత్రం రిక్షాలో వచ్చింది. ఇల్లంతా చూసింది. కొళాయి ఎంత దూరమో అడిగింది. ఇనప మంచాన్ని ఒకసారి ఊపి చూసింది, అది కదల్లేదు. ఆవిడ పెదవి కొంచెం విచ్చుకున్నట్టే అనిపించింది నాకు. బొమ్మని తీసుకుని, కన్ను లేనివైపు గోడకి తిప్పి మళ్ళీ పెట్టింది. పనైపోయిందనే అనుకున్నాను. అప్పుడు బయట అరుగు మీద కూర్చుని పెద్దప్పనీ పక్కింటిదాన్నీ పిలిచింది. నన్ను గుమ్మంలోపల ఉండమంది. అంతా నాకు వినపడుతూనే ఉంది.

"ఈవిడకి పిల్లలంటే ఎలా ఉంటుంది?"

పెద్దప్ప సగం బెంగాలీలో, సగం మా మాటలో ఎత్తుకుంది. "ఏటడుగుతారు దీదీ! ఈ లైన్లోన పిల్లలు బతికినారంటే ఈ గుంట సెయ్యే. మేవందరం పిల్లల్ని దీనికాడే కొన్నాం."

"కొన్నారా?"

"కొన్నాం. నూకలిచ్చి. ఉత్తినే తీసుకుంటే బతకరు."

"ఈవిడకి ఎక్కడివి ఆ పిల్లలు?"

"సెత్తకుప్ప మీద దొరుకుతారు," అంది పక్కింటిది, తన కొడుకు పరీక్ష పాసైనంత గర్వంగా. "మేవే పెడతాం. ఈ అప్ప ఎత్తుకెళ్ళి, సైరన్ అవగానే అమ్ముతాది. ఎప్పుడూ బేరం ఆడలేదు దీదీ, ఎంత పోస్తే అంత!"

నేను గుమ్మం దాటి బయటికొచ్చేశాను. దీదీ చెయ్యెత్తి నన్ను ఆగమంది. పెద్దప్పకి ఆ చెయ్యి, ఇంకా చెప్పండి అన్నట్టు కనిపించింది కాబోలు, "ఓరి, రండ్రా!" అని కేకేసింది. రోడ్డు మీద గోలీలాడుతున్నవాళ్ళు, ముక్కులు కారుతున్నవాళ్ళు, అమ్మల చంకల్లో ఉన్నవాళ్ళు, నేను అమ్మినవాళ్ళందరూ వచ్చి దీదీ ముందు వరసగా నిలబడ్డారు. పెద్దప్ప ఒక్కొక్కడి నెత్తి మీదా చెయ్యేసి, "ఈడు దీని దగ్గర కొన్నోడే. ఈ గుంటా దీని దగ్గర కొన్నదే" అని చూపిస్తోంది. వాళ్ళ మొహాల్లో ఎంత ప్రేమ ఉందో నేను చెప్పలేను. నాకు వాళ్ళు ఇవ్వగలిగిన పెద్ద మెప్పు అది. కొళాయి దగ్గర అన్నీ చెప్పి, ఇది చెప్పొద్దని చెప్పాలని నాకు తట్టనే లేదు. తట్టేదెలా? మా లైన్లో అది దాచుకునే సంగతి కాదు.

"నిజమేనా? మీరు చెప్పండి," అంది దీదీ నాతో.

చెప్పాను. యముడి సంగతీ, చేట సంగతీ, నూకల సంగతీ, మొదటినుంచి చివరిదాకా ఒక్క రవ్వ కలపకుండా చెప్పాను. నా జీవితంలో అంత పద్ధతిగా ఏదీ చెప్పలేదు. చెబుతూ ఉంటే నాకే వినపడుతోంది, నా ఇంజను జ్వరం కథ దీనికన్నా నమ్మేటట్టుందని. దీదీ మాత్రం నమ్మింది. ఆవిడ తెలివైన మనిషి, చదువుకున్న మనిషి, అలాంటి ఆచారం ఉంటుందని ఆవిడకి అర్థమైంది. అర్థమై, రెండే అడిగింది.

"కుప్ప మీద బిడ్డ ఎంతసేపుంటుంది?"

"ఎంతోసేపు కాదు దీదీ."

"ఏడుస్తుందా?"

నేను నోరు తెరిచేలోపు పెద్దప్ప అందుకుంది. "ఏడవాలి దీదీ. ఏడిస్తే మంచిది. గట్టి పిండం అన్నమాట."

దీదీ కలం మూసింది. టీ ఇస్తే తాగింది. కప్పు తనే కొళాయి దగ్గర కడిగి నా చేతికిచ్చింది. రిక్షా ఎక్కేటప్పుడు పిల్లలందరూ టాటా చెప్పారు. "బాగా సెప్పినాం గదప్పా!" అని పక్కింటిది నా భుజం పట్టుకుని ఊపేసింది.

మా ఆయన రాత్రి అన్నం దగ్గర, "ఏటన్నాది?" అని అడిగాడు.

"కప్పు కడిగినాది," అన్నాను.

తర్వాత చాలా రోజులు ఏదీ తేలలేదు. ఆదివారాలు కూడా రావద్దని కబురొచ్చింది, నిర్ణయం అయ్యేదాకా పిల్లని కలవకపోతే మంచిదట. అది విన్నాక నాకు సంగతి తెలిసిపోయింది. మా ఆయనకి తెలియలేదు, తెలిసినా ఒప్పుకోలేదు. షాపునుంచి రాగానే ఆ ఇనప మంచం అంచులు ఆకురాయితో రాస్తూ కూర్చునేవాడు, ఎక్కడా గుచ్చుకోకుండా. ఆఖరికి ఆశ్రమం ప్యూను వచ్చి, ఇద్దర్నీ రమ్మన్నారని చెప్పి వెళ్ళాడు. లైనంతా సంబరం. రమ్మన్నారంటే ఇచ్చేస్తారనే కదా అని వాళ్ళ లెక్క. కోర్టూ కాగితాలూ ఉంటాయని ఎంత చెప్పినా పెద్దప్ప వినలేదు. "పిల్లనియ్యడానికి కాకపోతే పిలిసి మజ్జిగిస్తారేటే?" అంది.

దీదీ మమ్మల్ని తన గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది.

"మా కమిటీ ఒప్పుకోలేదు. ఒప్పుకోవద్దని రాసింది నేనే, అది మీకు తెలియడం మంచిది," అంది.

మా ఆయన నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూశాను.

"మీరు పిల్లల వ్యాపారం చేస్తారని నేను రాయలేదు. మీరు చెడ్డవాళ్ళు కారు. కానీ ఈ పిల్ల నాకెక్కడ దొరికిందో మీకు చెప్పలేదు. స్టేషను వెనక, ఇంజన్ల బూడిద పోసే కుప్ప మీద. వానాకాలం. నూకలు పట్టుకుని వెనక్కి ఎవరూ రాలేదు. ఆ చెవి అప్పటిదే. చీమలు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఏడవలేదు, తుడుచుకుంది అంతే.

"ఆ పిల్ల రేపు మీ ఇంట్లో పెరుగుతుంది. మీ లైన్లో మళ్ళీ ఒక బిడ్డని కుప్ప మీద పెడతారు. అది ఏడుస్తూ ఉంటుంది. అందరూ నవ్వుతూ నిలబడి ఉంటారు, మీరు కూడా. ఈ పిల్ల చూస్తుంది. నేనూ ఇలాగే దొరికానా అని ఏదో ఒకనాడు అడుగుతుంది. ఏం చెబుతారు?"

నాకు ఇంజన్ల కథలు వచ్చు, బస్సుల కథలు వచ్చు, యముణ్ణి చాకలి బానలో ఉడకబెట్టిన కథ కూడా వచ్చు. ఆ ప్రశ్నకి చెప్పేది నా దగ్గర లేదు. ఇప్పటికీ లేదు.

"మానేస్తాం దీదీ," అన్నాడు మా ఆయన. "ఇంకెప్పుడూ ఎత్తుకోదు. క్వార్టరు మార్పించుకుంటాను. నింపురా పోతాం."

"అక్కడా మీవాళ్ళే కదా," అంది దీదీ, మెల్లగా.

అది నిజం. అక్కడా మావాళ్ళే. మావాళ్ళు లేనిచోటికి పోవడం మాకు తెలియదు.

మేం లేవబోతూ ఉంటే దీదీ నన్నడిగింది. ఇది దరఖాస్తులోని ప్రశ్న కాదని ఆవిడ గొంతులోనే తెలిసింది.

"అన్నిసార్లు ఒళ్ళో పెట్టుకుని తిరిగి ఇచ్చేశారు కదా. ఒక్కసారైనా ఇవ్వబుద్ధి కాక ఆగలేదా?"

"నేనుంచేసుకుంటే వాళ్ళు బతకరు దీదీ," అన్నాను. "ఇచ్చేస్తేనే బతుకుతారు. నన్ను పెట్టుకున్నది అందుకే."

ఆవిడ మమ్మల్ని వెనక గేటు నుంచి పంపింది. పిల్లలు ముందు వరండాలో అన్నాలు తింటున్నారు. కంచాల చప్పుడు వినపడింది. వాటిలో ఆ పిల్లది ఏదో పోల్చుకోవాలని నిలబడ్డాను. కంచాలన్నీ ఒక్కలాగే మోగాయి.

స్టేషనులో రైలు ఆలస్యం. మా ఆయన మురీ కొని పొట్లం నా చేతికిచ్చాడు. ఇద్దరం తినలేదు. వంతెన దాటుతూ ఉంటే, "లైన్లోన ఏటి సెప్దాం?" అన్నాడు.

"నువ్వే సెప్పు."

"నాకెక్కడొస్తాది."

"నాకూ రాదు," అన్నాను. ఆయన నా మొహం చూసి, కిటికీ చెక్క దించేశాడు, బొగ్గు నుసి పడుతోందని.

మా లైను మొదట్లోకి వచ్చేసరికి ఆడవాళ్ళందరూ రోడ్డు మీద ఉన్నారు. పెద్దప్ప చేతిలో కంచు పళ్ళెం. పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు, మధ్యలో వెలుగుతున్న వత్తి. పక్కింటిది కొత్త గౌను మడతపెట్టి భుజం మీద వేసుకుంది. నేను అమ్మిన పిల్లలు ముందు పరిగెత్తుకొచ్చారు, మా ఇద్దరి మధ్యలోకి చూశారు, మా వెనక్కి వెళ్ళి చూశారు.

"ఏదమ్మా గుంట?" అంది పెద్దప్ప.

పక్కింటిది భుజం మీది గౌను తీసి పమిట లోపల పెట్టుకుంది. అది ఇప్పటికీ అడగలేదు, ఎందుకివ్వలేదని. నేనూ చెప్పలేదు. చెప్పి ఏం చెయ్యను? దాని కొడుకు బతికున్నాడు.

కలిపిన ఎర్రనీళ్ళు ఎవరికీ దిష్టి తియ్యకుండా పారబొయ్యకూడదు. "నిలబడండి," అంది పెద్దప్ప. నన్నూ మా ఆయన్నీ తూర్పు మొహంగా పక్కపక్కన నిలబెట్టింది. మాకే మూడుసార్లు తిప్పింది. ఊరి దిష్టి, వీధి దిష్టి, చూసినవాళ్ళ దిష్టి అంటూ గొణుక్కుంటూ తిప్పి, మా బొట్టు దగ్గర వేలితో అద్ది, నీళ్ళు రోడ్డు మీద పారబోసింది.

మమ్మల్ని చూసి ఎవరికి కన్ను కుట్టిందో నాకు తెలియదు. తలొంచుకుని నిలబడి తీయించుకున్నాం. నీళ్ళు మా ఆయన చెప్పుల మీదుగా పోయి డ్రైనులో కలిశాయి. ఆయనకి మర్నాడు పొద్దుటి షిఫ్టు, వెళ్ళి పడుకున్నాడు.